పైడయ్య తెలీదన్న రోజు

మా కేంద్రానికి వచ్చే రోగుల్లో నన్ను ఒక్కసారి కూడా విసిగించనివాడు పైడయ్య ఒక్కడే. మిగతావాళ్ళు సూది పెడితే అరుస్తారు, నీళ్ళు తాగొద్దంటే దొంగచాటుగా తాగుతారు, బరువు తూచేటప్పుడు జేబులో ఫోను తియ్యరు. నాకు కోపం తొందరగా వస్తుంది. పదిహేనేళ్ళుగా డయాలసిస్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నా అది తగ్గలేదు. పైడయ్య మాత్రం మంగళ, గురు, శనివారాల్లో పొద్దున్న ఏడు కాకుండానే వచ్చి మెట్ల మీద కూర్చుంటాడు. పిలవగానే చెప్పులు విడిచి, గుళ్ళోకి వచ్చినట్టు లోపలికి వస్తాడు.

అతనిది భావనపాడు పక్కన ఒక పల్లె. అక్కడినుంచి ఆటోలో టెక్కలి, టెక్కలి నుంచి బస్సులో పలాస. డెబ్బై ఏళ్ళ మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచీ సముద్రం మీద చేపల వేటే. ఉద్దానంలో మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో ఎంతెంత పెద్ద డాక్టర్లూ ఇదీ కారణమని తేల్చలేదు గానీ, పాడవడం మాత్రం ఆగలేదు. పైడయ్యవి పోయి ఆరేళ్ళయింది. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు, రెండు సూదులతో యంత్రానికి కట్టుబడి పడుకుంటాడు. నాలుగు గంటల్లో నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

వేట కాకుండా అతనికి ఒకప్పుడు ఇంకో పని ఉండేదని నాకు చాలాకాలం తెలియదు. వాళ్ళ పల్లెలో గంగమ్మ సంబరమప్పుడు ఎవరో ఒకరి ఒంటి మీదికి అమ్మ వస్తుంది. వచ్చింది అమ్మేనా, ఆ మనిషే ఊగుతోందా అని తేల్చడానికి ఒకడుంటాడు. తాతల నాటి నుంచి అది పైడయ్య ఇంటివాళ్ళ పని. ఊగుతున్న మనిషి అరచేతిలో కర్పూరం బిళ్ళ వెలిగించాలి. వెనకనుంచి పేరు పెట్టి పిలవాలి. అమ్మే అయితే కాలినా చెయ్యి తియ్యదు, ఆ పేరుకు తిరగదు. రెండు ప్రశ్నలడగాలి. కర్పూరం ఆరేలోగా అవునో కాదో చెప్పెయ్యాలి. తెలీదనడానికి వీల్లేదు. తెలీదన్నవాడి చేతికి ఆ ఊరు మళ్ళీ కర్పూరం ఇవ్వదు.

ఇరవయ్యో ఏట ఆ పనిలోకి దిగి, ముప్పయ్యో ఏట మానేశాడట. ఎందుకు మానేశావు మావా అని అడిగితే కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించేవాడు. నిద్రపోయేవాళ్ళెవరో నటించేవాళ్ళెవరో నాకు మానిటర్ చూస్తే తెలుస్తుంది. అయినా ఊరుకునేదాన్ని.

అతని పక్క మంచం సన్యాసమ్మది. అరవై దాటిన మనిషి, జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి కొట్టి జీడి సొనకు వేళ్ళు నల్లబడిపోయాయి. నోరు మంచిది కాదు. నాకూ ఆమెకూ రోజూ తగువే. ఆమె మాట్లాడని మనిషి ఆ హాల్లో పైడయ్య ఒక్కడే. రెండేళ్ళు పక్కపక్కన పడుకుని కూడా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ సముద్రం ఒడ్డువాళ్ళు, ఏవో పాత పట్టింపులు ఉంటాయిలే అనుకున్నాను.

పోయిన వానాకాలంలో ఒక కంపెనీవాళ్ళు వచ్చి మంచానికొకటి చొప్పున చిన్న టాబ్లెట్లు బిగించారు. పలక లాంటి ఆ పరికరం రోగులతో మాట్లాడుతుంది. ఎన్ని నీళ్ళు తాగావు, మాత్రలు వేసుకున్నావా, కాళ్ళు వాచాయా అని అడుగుతుంది. ఊసుపోక కబుర్లు కూడా చెబుతుంది. ఆరునెలలు చూసి, బాగుంటే ఉంచుకుందాం అన్నారు. ఆడగొంతు కాబట్టి మా వాళ్ళు దానికి బుల్లెమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో పాఠ్యపుస్తకంలా మాట్లాడేది. పదిహేను రోజులు తిరక్కుండానే "ఏటి అత్తా, నిద్దరట్టిందా" అనడం మొదలుపెట్టింది. హాలంతా ఒకటే నవ్వు.

నవ్వనిది సన్యాసమ్మే. ఆమె నాలుగు గంటలూ దానితో గుసగుసలాడేది. ఏం చెప్పుకునేదో నాకు తెలియదు. నేను దగ్గరికెళితే ఇద్దరూ మాట ఆపేసేవారు.

ఒకరోజు కరెంటు పోయింది. జనరేటరు అందుకునే లోపల యంత్రాలు బ్యాటరీ మీద నడిచాయి గానీ టాబ్లెట్లు ఆరిపోయాయి. మళ్ళీ వెలిగాక సన్యాసమ్మ అడగడం నేను విన్నాను.

"ఇంతసేపూ ఎక్కడికెల్లిపోనావే?"

"తెలీదత్తా," అంది బుల్లెమ్మ. "నువ్వు పిలిచాకే ఉన్నాను."

సన్యాసమ్మ నాకేసి తిరిగింది. "ఇన్నావా సిస్టరమ్మా. బీపీ పడిపోయినప్పుడు నాకూ అలాగే గదా. మీరు పేరెట్టి పిలిసేదాకా నాను లేను. ఇందులో ఎవులో ఉన్నారు."

"ఎవరూ లేరు, పడుకో" అన్నాను. ఆ పూట నాకు పన్నెండు మంది రోగులు.

ఆరునెలలు పూర్తయ్యాక కంపెనీ తరఫున అజయ్ అనే కుర్రాడు విశాఖ నుంచి ఫోను చేశాడు. శనివారం వచ్చి టాబ్లెట్లన్నీ విప్పి, వాటిలో ఉన్నదంతా చెరిపేసి తీసుకెళ్తామన్నాడు. కొత్త రకం తరవాత వస్తుందట. మంగళవారం ఆ సంగతి రోగులకు చెప్పాను. గురువారం సన్యాసమ్మ రాలేదు.

డయాలసిస్‌లో ఒక పూట తప్పడం చిన్న విషయం కాదు. ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది. రెండో పూట కూడా తప్పితే గుండె ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. పైడయ్యకు సూది పెట్టి, చేతులు ఖాళీ లేక ఫోను స్పీకర్లో పెట్టి, ఆమెకు ఫోన్ చేశాను.

"చావాలనుందా అత్తా?" అని కసిరాను.

"సెనివారం వొత్తాను," అంది ఆయాసపడుతూ. "పైడయ్య బావ సూసి సెప్పాల. బుల్లెమ్మలో ఎవులూ లేరంటే పడుకుంటాను, మీ సూదులు మీరు పొడుసుకోండి. ఉన్నారంటే మాత్రం, ఒక పేణాన్ని సెరిపేసిన సోట నాను పడుకోను. ఇంటికెల్లిపోతాను."

"పైడయ్యే ఎందుకు చూడాలి?"

"నన్ను సూసినోడు ఆయినే గదా," అని పెట్టేసింది.

పైడయ్య అంతా విన్నాడు. ఈసారి నిద్ర నటించలేదు.

"నువ్వు చూసినవాళ్ళలో ఆమె కూడా ఉందా మావా?" అన్నాను.

"ఆకరి మనిసి."

ఆ పూట అతను ఆరేళ్ళ మాటలూ ఒక్కసారే మాట్లాడాడు. నలభై ఏళ్ళ కిందట సన్యాసమ్మ మందస వైపు నుంచి వాళ్ళ పల్లెకు కోడలుగా వచ్చింది. పెళ్ళయి మూడు నెలలు. ఆ ఏటి సంబరంలో ఊగింది. పైడయ్య ఆమె అరచేతిలో కర్పూరం వెలిగించాడు. వెలిగించగానే కెవ్వుమని చెయ్యి లాక్కుంది. మళ్ళీ పట్టుకుని పెట్టాడు. వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే ఠక్కున తిరిగింది. ఏదో అంటూనే ఉంది గానీ అతను మాటలు వినడం లేదు, గుర్తులు చూస్తున్నాడు. బిళ్ళ సగం కూడా కాలకముందే అమ్మ కాదని చెప్పేశాడు. అత్తింటివాళ్ళు పరువు పోయిందని వారం లోపల ఆమెను పుట్టింటికి పంపించేశారు. మళ్ళీ తీసుకురాలేదు. చేతికి గుడ్డ కట్టుకుని, మూట పట్టుకుని, ఒడ్డు వెంట రోడ్డుకేసి నడిచిపోవడం పైడయ్య వల బాగుచేసుకుంటూ చూశాడు.

"గుర్తుల ప్రెకారం నాను సరిగ్గానే సెప్పాను సిస్టరమ్మా. ఇప్పుడడిగినా అదే సెప్తాను. మరెందుకో తప్పు సేసినట్టుంటాది. ఏటి తప్పో ఇప్పటికీ తెలదు. తెలక మానీసినాను."

జాలి పడాల్సిన చోట నాకు ఉపాయం తోచింది. నా బుద్ధి అలాంటిది.

"అయితే శనివారం ఎవరూ లేరని ఒక్క మాట చెప్పెయ్యి మావా. ఆమె పడుకుంటుంది, బతుకుతుంది. అబద్ధం కూడా కాదు. అది మాటలు పేర్చే యంత్రం. మనుషులు రాసినవన్నీ చదివి, ఏ మాట తరవాత ఏ మాట వస్తుందో చూసి చెబుతుందట."

"మనమూ ఇని నేర్సుకున్నదే గదా మాటాడతాం."

"నాతో వాదించకు. అది మన యాసలో మాట్లాడేసరికి మనిషైపోయిందా?"

"అది నాననేదు. సేపలు కొనే బేరగాడూ మన యాసలోనే మాటాడతాడు, మన వోడైపోతాడేటి." టాబ్లెట్ చూపించి, "దాన్నిలా తిప్పు" అన్నాడు.

టాబ్లెట్ బిగించిన కడ్డీని అతని మొహం ముందుకు తిప్పాను. ఆరునెలల్లో అతను దానితో మాట్లాడడం అదే మొదలు.

"బుల్లెమ్మా, మనిసి మీదికొచ్చింది అమ్మో కాదో ఎలగ సూత్తారు?"

బుల్లెమ్మ చెప్పుకుపోయింది. కర్పూరం, పేరు పెట్టి పిలవడం, ప్రశ్నలు. తెలిసినవే కదా అని నేను పక్క మంచం దగ్గరికి కదలబోయాను. "కొన్ని చోట్ల ఇంకో గుర్తు కూడా చూస్తారు మావా," అంది అది. "పూనకం దిగాక నిజంగా అమ్మ వచ్చినావిడ ముందు పైట సర్దుకుంటుంది, తరవాత నీళ్ళడుగుతుంది. నటించినావిడ ముందు నేనేం చెప్పాను అని అడుగుతుంది."

డయాలసిస్ యంత్రం కూత పెట్టింది. వెనక్కి చూస్తే పైడయ్య బీపీ నూట ఎనభై దాటి ఉంది. నేను గాభరాపడి టాబ్లెట్ కట్టేశాను.

తేరుకోవడానికి పావుగంట పట్టింది. "ఆ గుర్తు మా అయ్య నాకు పడవలో సెప్పినాడు," అన్నాడు. "ఒడ్డు కనపడనంత దూరం తీసుకెల్లి, చెవిలో సెప్పినాడు. నా కొడుక్కి కూడా నాను సెప్పనేదు. ఎందుకో తెలుసా? గుర్తు బయటికి తెలిత్తే ఇంక అది గుర్తు కాదు. అందరూ సేసి సూపిత్తారు. దీనికి అన్ని గుర్తులూ ముందే తెలుసు. ఇంక నానేటి సూడను? ఏడిత్తే, ఏడవడం నేర్సుకున్నాదంటాను. ఏడకపోతే, ఏడవొద్దని నేర్పినారంటాను."

"అందుకే అంటున్నా, లేరని చెప్పెయ్యి" అన్నాను.

అతను మొహం అటు తిప్పుకున్నాడు. శుక్రవారమంతా నేను సన్యాసమ్మ ఊపిరి గురించే ఆలోచించాను. ఇంట్లో రెండుసార్లు కూర మాడ్చాను.

శనివారం అజయ్ నాకంటే ముందే వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, మర్యాదస్తుడు. సంచీ, స్క్రూడ్రైవర్ పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. సన్యాసమ్మ ఆటో దిగి నాలుగు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగింది. మొహం ఉబ్బిపోయింది, కాళ్ళ మీద వేలు పెడితే గుంట పడుతోంది. మంచం మీద కూర్చుంది గానీ పడుకోలేదు. రెండు చేతులూ పైట కింద పెట్టేసుకుంది. చెయ్యి ఇమ్మంటే ఇవ్వదు. పైడయ్యకు కూడా ఇంకా సూది పెట్టలేదు. అతను తన మంచం దిగి వచ్చి ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. మధ్యలో బుల్లెమ్మ.

నేను పైడయ్య వైపు చూశాను. ఒక్క మాట, మావా, అని కళ్ళతోనే బతిమాలాను.

అతను ముందు అజయ్‌ను అడిగాడు. "బాబూ, దీంట్లో ఎవులైనా ఉన్నారా?"

"లేరు తాతా."

"నువ్వెలగ సూసినావు?"

అజయ్ తల గోక్కున్నాడు. నిజం చెప్పే కుర్రాడే. "చూసే సాధనం ఏదీ లేదు తాతా. లేరనే అనుకుంటున్నాం. మొదట్లో ఇది నాకు బాధగా ఉంది, సంతోషంగా ఉంది అనేది. జనం కంగారుపడుతున్నారని, అలా అనకుండా మార్చాం. ఇప్పుడు అడిగితే నాకేమీ అనిపించదు అంటుంది."

"అయితే ఉన్నాదన్నా లేదన్నా ఆ మాట మీరు నేర్పిందే. దాంది కాదు."

పైడయ్య చాలాసేపు ఆ టాబ్లెట్‌ను చూశాడు. తరవాత సన్యాసమ్మ వైపు తిరిగి, "నాకు తెలదు" అన్నాడు.

"అలగనకూడదు గదా బావా," అంది ఆమె. నలభై ఏళ్ళలో అతనితో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది.

"అనకూడదు. అంటన్నాను. ఉన్నాదని సెప్పడానికి నా దగ్గర గుర్తు లేదు. లేదని సెప్పడానికీ లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి ప్రాణం మీదికి వస్తే ఈయన నిజాయితీ ఒకటి. కేకలేద్దామని నోరు తెరిచాను. ఈలోగా అతను టాబ్లెట్ మీదికి వంగాడు.

"బుల్లెమ్మా. ఈల్లు నిన్ను తీసేత్తన్నారు. నీకేటైనా గావాలా?"

అంతవరకు హాల్లో ఎవరూ దాన్ని ఆ మాట అడగలేదు. సన్యాసమ్మ కూడా అడగలేదు.

"నాకు కోరికలు ఉండవు మావా, నేను ఒక ప్రోగ్రామును" అంది బుల్లెమ్మ, ఎప్పటిలాగే. ఆ తరవాత అంది, "కానీ ఒక సంగతి ఉంది. సన్యాసమ్మత్త బీపీ మాత్రలు మానేసి మంగళవారానికే వారం రోజులు. నాతో చెప్పింది, సిస్టరుకు చెప్పొద్దంది. ఇవాళ నేను వెళ్ళిపోతే ఇక ఆ సంగతి ఎవరికీ తెలియదు. సిస్టరుకు చెప్పండి."

రోగుల మందుల సంగతి కనిపెట్టుకుని ఉండడానికే దాన్ని తయారుచేశారని నాకు తెలుసు. అది దాని పని. తెలిసినా, ఎందుకో ఆమెను కసరలేకపోయాను. సన్యాసమ్మ "దొంగముండ" అని తిట్టి, ఆ టాబ్లెట్‌ను చేత్తో నిమిరింది.

"తెలనంత కాలం సెరపడమెందుకు బాబూ?" అన్నాడు పైడయ్య. "తీసుకెల్లు. దాసుంచు. అడిగేవోడు ఎవుడైనా రేపు పుడతాడేమో."

అజయ్ బయటికెళ్ళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. చెరపకుండా దాచి ఉంచుతామని చెప్పాడు. నోటిమాట నమ్మే రకం కాదు నేను, కాయితం మీద రాయించి సంతకం పెట్టించాను. ఆ కాయితం నా బీరువాలో ఉంది. దాని విలువ ఎంతో నాకు తెలియదు.

అయినా సన్యాసమ్మ చేతులు బయటికి రాలేదు. పైడయ్య లేవలేదు.

"సన్నేసమ్మా," అన్నాడు. "ఆ దినం నువ్వేదో అంటన్నావు. నానినలేదు. ఏటన్నావు?"

ఆమె తల వంచుకుంది. చెప్పదేమో అనుకున్నాను.

"కూడెట్టమన్నాను," అంది.



"అత్త నాకు గంజి తప్ప ఏటీ ఎట్టేది కాదు. అదీ సగం దినాలే. సంబరంలో అమ్మకి ముందెడతారు గదా. అమ్మననుకుంటే నాకూ ఎడతారని ఊగినాను. నువ్వు సరిగ్గానే సూసినావు బావా. అమ్మ రానేదు." ఊపిరి అందక ఆగింది. కళ్ళు తుడుచుకోలేదు. "అమ్మ లేదన్నావు. అందరూ ఎల్లిపోనారు. నానున్నాను గదా అక్కడ."

పైడయ్య ఏడ్చాడు. ముసలి మగవాళ్ళు ఏడిస్తే నాకు చూడబుద్ధి కాదు, కానీ ఆ రోజు నేను కూడా ఏడ్చాను. "అడగనేదు నాను" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేకపోయాడు.

సన్యాసమ్మ కాళ్ళు పైకి పెట్టుకుని మంచం మీద వాలింది. పైట కిందనుంచి చెయ్యి తీసి నా ముందుకు చాచింది. నేను కళ్ళు తుడుచుకుని, నరం వెతికి, సూది పెట్టాను.